చలనాన్ని కొలిచే చేతిఫోను : ఒక పరిశీలన

చలనం జీవలక్షణం. ఊయలలో కాళ్ళాడించే పసిబిడ్డ మొదలుకొని, ప్రకాశం బ్యారేజి మీద తెల్లవారుజామున నడకకు బయలుదేరే వృద్ధుని వరకు, ప్రాణమున్న ప్రతివారు కదులుతూనే ఉంటారు. ఆ కదలికకు నియమం చేర్చి, గెలుపోటములు కల్పిస్తే అది ఆట అవుతుంది. మన తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట, కబడ్డీ – ఇవన్నీ ఆ విధంగా పుట్టినవే. ఈ ఆటలలో సాక్షి మానవుడే. గీత తొక్కినవానిని తోటివారి కన్ను పట్టుకొంటుంది. కూత ఆపినవానిని తోటివారి చెవి పట్టుకొంటుంది. నేడు ఆ సాక్షిస్థానాన్ని జేబులోని ఫోను ఆక్రమించుకొంటున్నది. మనం ఎన్ని అడుగులు వేశామో, ఎంత ఎత్తు ఎగిరామో, ఎన్ని గుంజీలు తీశామో అది లెక్కించి చెబుతున్నది. కన్ను లేని ఈ సాక్షి మన కదలికను ఏ విధంగా తెలుసుకొంటున్నది? దాని సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను భౌతికశాస్త్ర అధ్యాపకుడను కాను, తెలుగు బోధించేవాడను. అయినా ఈ విషయం మీద కలం పట్టడానికి ఒక కారణమున్నది. కిందటి సంవత్సరం మన క్రీడాదినోత్సవంలో ఒక కొత్త పోటీ జరిగింది. పది నిమిషాలలో ఎవరి ఫోను ఎక్కువ అడుగులు చూపిస్తుందో వారికి బహుమతి. న్యాయనిర్ణేతలలో నేనొకడిని. ఒక విద్యార్థిని మైదానం చుట్టూ ఆగకుండా నడిచింది; ఆమె ఫోను భుజానికి తగిలించుకొన్న సంచిలో ఉన్నది. ఒక విద్యార్థి చెట్టు నీడన నిలబడి, ఫోనును పిడికిట పట్టి ఊపుతూ కూర్చున్నంత సుఖంగా కాలం గడిపాడు. అంకెలు చూసి నేను రెండవవానికే బహుమతి పత్రం మీద సంతకం చేశాను. మరునాడు ఆటోనగర్‌లో లారీల కమానుపట్టీలు బాగుచేసే ఒక కార్మికుని కుమారుడు, మా డిగ్రీ విద్యార్థి, నా వద్దకు వచ్చి, “సార్, ఫోను లెక్కపెట్టింది అడుగులనా, ఊపులనా?” అని అడిగాడు. నా వద్ద సమాధానం లేదు. ఆ సమాధానం కోసం నేను చదివినదీ, అడిగి తెలుసుకొన్నదీ, చేసి చూసినదీ విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

1. వాహనం నుండి ఫోనుకు

ఫోనులో చలనాన్ని గుర్తించే ముఖ్యసాధనం త్వరణమాపకం. ఇది ఫోను కోసం పుట్టినది కాదు. పెద్దయెత్తున తయారు కావడం మొదలైనది మోటారు వాహనాల కోసం. వాహనం దేనినైనా ఢీకొన్నప్పుడు చోదకుని ముందు గాలిసంచి విప్పుకోవాలి. అందుకు ముందుగా “ఇది ప్రమాదమా, లేక గతుకులో పడిన కుదుపా?” అని నిర్ణయించే సాధనం కావాలి. మొదట్లో ఒక గొట్టంలో అయస్కాంతం పట్టి ఉంచిన చిన్న గుండు ఈ పని చేసేది. ఢీకొన్నప్పుడు గుండు అయస్కాంతాన్ని విడిచి ముందుకు దూకి, విద్యుత్ వలయాన్ని కలిపేది. 1990వ దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని అనలాగ్ డివైసెస్ సంస్థ ఇదే పనిని సిలికాన్ బిళ్ళ మీద చేయగల అతిసూక్ష్మ సాధనాన్ని వెలువరించింది. దాని వెల తగ్గుతూ, పరిమాణం కుదించుకుపోతూ, చివరకు ఆటవస్తువులలోనికి ప్రవేశించింది. 2006లో నింటెండో సంస్థ ‘వీ’ అనే ఆటయంత్రం చేతికర్రలో దీనిని అమర్చింది. ఇంట్లో నిలబడి చేయి విసిరితే తెర మీద టెన్నిస్ బంతి కదిలింది. 2007లో వచ్చిన తొలి ఐఫోనులో ఇది ఉన్నది. 2010 నాటి ఐఫోను 4లో దీనికి తోడుగా గైరోస్కోప్ కూడా చేరింది.

మన దేశంలో కొత్త కార్లకు చోదకుని గాలిసంచి 2019 జులై 1 నుండి తప్పనిసరి అయింది. కనుక ఆటోనగర్ షెడ్డులోనికి మరమ్మతుకు వచ్చే కారులోను, ఆ కారు క్రింద పడుకొని పనిచేసే మెకానిక్ జేబులోను ఒకే జాతి సాధనాలున్నవన్న మాట. ఒకటి ప్రాణం కాపాడడానికి కాచుకొని ఉన్నది. రెండవది ఆటలో మార్కులు వేస్తున్నది.

2. త్వరణమాపకం పనిచేసే తీరు

ఆగి ఉన్న బస్సు ఒక్కసారి కదిలితే నిలబడిన ప్రయాణికులు వెనుకకు తూలుతారు. బ్రేకు వేస్తే ముందుకు తూలుతారు. దీనికి జడత్వం కారణమని, న్యూటన్ 1687లో ప్రకటించిన సూత్రాలలో మొదటిది ఇదేనని మీరు చదువుకొన్నారు. తూలిన తీరును బట్టి, కిటికీలోనుండి బయటకు చూడకుండానే, బస్సు వేగం ఏ దిక్కుకు ఎంతగా మారుతున్నదో చెప్పవచ్చు. త్వరణమాపకం చేసేది సరిగా ఇదే.

ఒక లారీని ఊహించుకోండి. బరువైన బాడీ కమానుపట్టీల మీద ఆనుకొని ఉంటుంది. గతుకు వచ్చినప్పుడు పట్టీలు వంగుతాయి. ఎంత బలం పడితే అంత వంపు. ఫోనులోని సాధనంలో కూడా ఒక సిలికాన్ ముద్ద, దానిని పట్టి ఉంచే సిలికాన్ స్ప్రింగులు ఉంటాయి. అయితే మొత్తం కలిపినా మిల్లీమీటరులో కొంత భాగమే. ఆ ముద్ద అంచున దువ్వెన పళ్ళవంటి పలకలుంటాయి. వాటి మధ్యకు వచ్చే విధంగా, కదలని పలకలు మరికొన్ని ఉంటాయి. పక్కపక్కనున్న రెండు పలకలు ఒక కెపాసిటర్ అవుతాయి. ముద్ద జరిగితే పలకల మధ్య దూరం మారుతుంది. దానితో విద్యుదావేశాన్ని నిలుపుకొనే శక్తి మారుతుంది. ఆ మార్పును కొలిచి అంకెగా మారుస్తారు. ఇటువంటి అమరిక మూడు దిశలకు మూడు ఉంటుంది: ఫోను వెడల్పు దిశ, పొడవు దిశ, తెరకు లంబదిశ.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. బల్ల మీద కదలకుండా పడి ఉన్న ఫోనులో ఈ సాధనం సున్న చూపదు. సెకండుకు సెకండుకు సుమారు 9.8 మీటర్లని చూపుతుంది. చేతినుండి జారి క్రింద పడుతున్న ఫోనులో మాత్రం సుమారు సున్న చూపుతుంది. ఇది వింతగా తోచవచ్చు. కాని సాధనానికి తెలిసేది స్ప్రింగు వంపు మాత్రమే. బల్ల మీద ఉన్నప్పుడు బల్ల ఫోనును పైకి మోస్తున్నది, స్ప్రింగు ముద్దను మోస్తున్నది. కావున వంపు ఉన్నది. పడిపోతున్నప్పుడు ఫోను, ముద్ద కలిసి పడుతున్నవి. ఎవరూ ఎవరిని మోయడం లేదు. కావున వంపు లేదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగిలినదంతా సులభం.

3. గైరోస్కోప్

త్వరణమాపకానికి తిరుగుడు సరిగా తెలియదు. అందుకు గైరోస్కోప్ కావాలి. తిరిగే బొంగరం తన అక్షాన్ని అంత సులభంగా విడువదని మనకు బాల్యం నుండి తెలుసు. ఫ్రాన్సు దేశస్థుడైన ఫూకో 1852లో ఈ గుణాన్నే ఆధారం చేసుకొని తిరుగుడుచక్రం గల గైరోస్కోప్‌ను ప్రదర్శించాడు. ఫోనులో బొంగరం తిరిగేంత చోటు లేదు కనుక, అక్కడ ఒక చిన్న ముద్దను అటూ ఇటూ కంపింపజేస్తారు. తిరుగుతున్న రంగులరాట్నం మీద మధ్యనుండి అంచుకు నడవబోయినవానిని ఏదో బలం పక్కకు తోసినట్లుంటుంది. 1835లో కోరియాలిస్ వివరించిన ఫలితమిది. ఫోను తిరిగినప్పుడు కంపించే ముద్ద కూడా అట్లాగే పక్కకు జరుగుతుంది. ఆ జరుగుబాటును బట్టి సెకండుకు ఎన్ని డిగ్రీలు తిరిగినదీ లెక్కిస్తారు.

ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థులకు ఒక సూచన. ‘రఫ్తార్’ అంటే వేగం. త్వరణమంటే ఆ రఫ్తార్‌లో కలిగే మార్పు. తిన్నగా, ఒకే రఫ్తార్‌తో పోయే రైలులో త్వరణం లేదు. కావున ఎంత వేగంగా పోతున్నామన్నది ఈ సాధనానికి తెలియదు; వేగం మారినప్పుడే తెలుస్తుంది.

4. ఆటలో కదలికను గుర్తించే విధం

అన్నిటికన్న సులభమైనది వాలు. ఫోనును పక్కకు వంచితే భూమ్యాకర్షణకు సంబంధించిన 9.8లో కొంత భాగం వెడల్పు దిశలోనికి వస్తుంది. 30 డిగ్రీలు వంచితే అందులో సగం, అంటే 4.9 వస్తుంది. ఫోనును వంచి బంతిని దొర్లించే ఆటలు, పరుగెత్తే బొమ్మను పక్కకు జరిపే ఆటలు దీనిమీదనే ఆధారపడినవి. ఇందులో శరీరం కదలనక్కరలేదు, మణికట్టు చాలు.

రెండవది అడుగు. నడిచేటప్పుడు మన నడుము ప్రతి అడుగుకు కొద్దిగా లేచి దిగుతుంది. మడమ నేలను తాకినప్పుడు ఒక కుదుపు కలుగుతుంది. ఫోను ఏ వైపుకు తిరిగి ఉన్నదో తెలియదు కనుక, మూడు దిశల అంకెలను వర్గీకరించి, కూడి, వర్గమూలం తీస్తారు. వచ్చిన విలువ 9.8కి పైకి, క్రిందికి అలవలె ఊగుతుంది. సాధారణపు నడకలో సెకండుకు సుమారు రెండు అలలు. ఒక్కొక్క శిఖరాన్ని ఒక అడుగుగా లెక్కిస్తారు. ఇది కొత్త ఆలోచన కాదు. 1965లోనే జపానులో నడుముకు తగిలించుకొనే అడుగుల లెక్కింపు యంత్రం ‘మాన్పోకే’ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. రోజుకు పదివేల అడుగులు అనే మాట ఆ పేరులోనిదే. వైద్యశాస్త్ర నిర్ణయంగా పుట్టినది కాదు.

మూడవది గెంతు. పాదాలు నేలను విడిచిన క్షణం నుండి తిరిగి తాకేవరకు శరీరం స్వేచ్ఛాపతనంలో ఉంటుంది. కావున నడుముకు గట్టిగా కట్టిన ఫోనులో విలువ సున్నకు దగ్గరగా పడిపోతుంది. అట్లా ఉన్న కాలాన్ని కొలిచి, వర్గం చేసి, 9.8తో గుణించి, 8తో భాగిస్తే ఎగిరిన ఎత్తు మీటర్లలో వస్తుంది. 0.4 సెకండ్లు గాలిలో ఉంటే సుమారు 20 సెంటీమీటర్లు, 0.5 సెకండ్లయితే సుమారు 31 సెంటీమీటర్లు. దిగేటప్పుడు మోకాళ్ళు ముడిచినవాడు కొంచెం ఎక్కువసేపు గాలిలో ఉంటాడు కనుక, ఎక్కువ ఎత్తు ఎగిరినట్లు లెక్క తేలుతుంది. పోటీ పెట్టేవారు ఈ కిటుకును గమనించాలి.

నాలుగవది గుంజీ. దిగడం మొదలుపెట్టగానే విలువ 9.8 కంటె తగ్గుతుంది. అడుగున ఆగి పైకి లేచేటప్పుడు పెరుగుతుంది. పైకి చేరి నిలిచేటప్పుడు మరల తగ్గుతుంది. తక్కువ – ఎక్కువ – తక్కువ: ఇదే గుంజీ ముద్ర. ఈ క్రమం, దానికి పట్టవలసిన కాలం రెండూ సరిపోతేనే ఆట ఒక మార్కు వేయాలి.

5. సాక్షి పొరబడే సందర్భాలు

కదిలిన దూరాన్ని నేరుగా లెక్కించరాదా అని కొందరు అడుగుతారు. త్వరణాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వేగం, రెండుసార్లు చేస్తే దూరం వస్తుందన్నది సత్యమే. కాని సాధనంలో చిన్న దోషముంటే అది కూడా రెండుసార్లు సమాకలనమవుతుంది. 0.05 దోషం 10 సెకండ్లలో రెండున్నర మీటర్ల తప్పు అవుతుంది. ఒక నిమిషంలో 90 మీటర్ల తప్పు అవుతుంది. కదలని ఫోను బెంజి సర్కిల్ దాటిపోయినట్లు చెప్పినా ఆశ్చర్యపడనక్కరలేదు! అందుచేతనే ఆటలు దూరాన్ని కొలవవు. కదలిక ముద్రను పోలుస్తాయి.

రెండవ చిక్కు అనవసరపు కంపనం. నిమిషానికి 1,800 సార్లు తిరిగే ఇంజను సెకండుకు 30 సార్లు అదురుతుంది. మనిషి అడుగు సెకండుకు రెండే. కావున వేగమైన అదురును జల్లెడ పట్టి, నెమ్మదైన అలను నిలుపుకొంటారు. కాని గతుకుల దారిలో ఆటో కుదుపు సెకండుకు రెండు మూడు సార్లు వస్తే ఆ జల్లెడ ఏమి చేయగలదు? ఊకతో పాటు గింజ పరిమాణంలోనే రాయి ఉంటే జల్లెడ దానిని పట్టుకోలేదు.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, ఫోను ఉన్న చోటు. నడుముకు బిగించిన ఫోను శరీరం కదలికను చెబుతుంది. చేతిలోనిది చేయి కదలికను చెబుతుంది. సంచిలోనిది సంచి ఊగుడును చెబుతుంది. నేనూ, ప్రశ్న అడిగిన విద్యార్థీ కలిసి మైదానంలో నోటితో నూరు అడుగులు లెక్కపెట్టి ఈ మూడింటినీ పరీక్షించాము. నడుమునకు కట్టినది నూటికి దగ్గరగా చెప్పింది. సంచిలోనిది చాలా తక్కువ చెప్పింది. నిలబడి ఊపిన చేతిలోనిది మాత్రం వేయని అడుగులను ఉదారంగా వేసింది. అంటే మా పోటీలో ఓడిపోయినది ఆ విద్యార్థిని నడక కాదు. జేబు లేని దుస్తులు. నియమం చేసిన మేము మగపిల్లల జేబును దృష్టిలో పెట్టుకొని, అందరికీ సమానమైన నియమం చేశామని భ్రమపడ్డాము.

ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు. ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 ప్రాంతంలో 30 మంది స్వచ్ఛందుల నడుమునకు ఫోను కట్టి, సెకండుకు 50 కొలతల చొప్పున సేకరించి, 2.56 సెకండ్ల ముక్కలుగా విభజించి, ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. ఈ రంగంలో ఎందరో ఆ దత్తాంశాన్ని వాడుతున్నారు. అందులోని పనులు ఆరు: నడవడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, కూర్చోవడం, నిలబడడం, పడుకోవడం. పడుకొన్నప్పుడు 9.8 మరొక దిశకు మారుతుంది కనుక దానిని గుర్తించడం తేలిక. కూర్చోవడానికీ నిలబడడానికీ తేడా గుర్తించడం కష్టం. రెండింటిలోనూ నడుము నిటారుగానే ఉంటుంది.

ఆ జాబితాను మరొకసారి చూడండి. ఆటోనగర్‌లో చక్రం ముందు గంటల తరబడి గొంతుకు కూర్చొని పనిచేసే మెకానిక్ అందులో లేడు. డెల్టా పొలాలలో నడుము వంచి వెనుకకు జరుగుతూ నాట్లు వేసే స్త్రీ అందులో లేదు. కూచిపూడి నర్తకి అడుగు అందులో లేదు. నృత్యభంగిమలను చలనచిత్రాల ద్వారా కంప్యూటరు చేత గుర్తింపజేసే ప్రయత్నం వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలో జరిగి, 2018లో వ్యాసంగా వెలువడింది. అది కెమెరా మార్గం. జేబులోని ఫోనుకు మన శరీరాలు ఇంకా చాలవరకు అపరిచితాలే. యంత్రం నేర్చుకొన్నంతే చెబుతుంది. మన కదలికలను దానికి నేర్పవలసినవారు మనమే.

6. సాక్షి గూఢచారి కాగలదు

ఈ సాధనం మరొక ముఖం కూడా చూడాలి. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు, తెర మీద అంకెలు నొక్కినప్పుడు ఫోను వంగే తీరును బట్టి, నొక్కిన అంకెలలో నూటికి 70కి పైగా ఊహించవచ్చునని చూపారు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గైరోస్కోప్ సమీపంలోని మాటల ధ్వనికంపాలను కొంతవరకు పట్టుకోగలదని చూపారు. అందుచేత 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుండి అడుగుల లెక్క చూడడానికి అనుమతి అడగడం, 2021 నాటి ఆండ్రాయిడ్ 12 నుండి ప్రత్యేక అనుమతి లేనిదే సెకండుకు 200కు మించి కొలతలు ఇవ్వకపోవడం వంటి కట్టుబాట్లు వచ్చినవి. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం 18 ఏళ్ళలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటున్నది. ఆటకు ఏమి కావాలో అంతే అడిగే ఆట మంచిది. అడుగులు లెక్కపెట్టే ఆటకు మన పరిచయస్థుల ఫోను నంబర్లతో పని ఏమి?

7. విద్యార్థులు చేయదగిన పరీక్షలు

జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం 2016లో ‘ఫైఫాక్స్’ అనే ఉచిత సాధనాన్ని ఇచ్చింది. ఫోనులోని కొలతలను అది గీతలుగా చూపుతుంది. దానితో ఈ మూడు పరీక్షలు చేయండి.

మొదటిది: ఫోనును బల్ల మీద వెల్లకిల, బోర్ల, పక్కకు నిలబెట్టి, 9.8 ఏ దిశకు మారుతున్నదో రాసుకోండి.

రెండవది: మందపాటి దిండు మీదకు రెండడుగుల ఎత్తునుండి వదలి, విలువ సున్నకు పడిపోయే క్షణాన్ని చూడండి. గట్టి నేల మీద మాత్రం ప్రయత్నించకండి.

మూడవది: ఫోనును నడుమునకు గట్టిగా కట్టుకొని అయిదు గుంజీలు తీయండి; తరువాత ఫోనును చేత పట్టి అట్లే ఊపండి. ఈసారి గైరోస్కోప్ గీతను కూడా చూడండి. చేయి మోచేతి చుట్టూ తిరుగుతుంది కనుక ఊపినప్పుడు తిరుగుడు ఎక్కువగా కనబడుతుంది. మోసాన్ని పట్టుకొనే మార్గం ఆ గీతలోనే ఉన్నది.

ముగింపు

విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. ఫోను అడుగులను లెక్కపెట్టలేదు. స్ప్రింగు వంపులను లెక్కపెట్టింది. ఆ వంపులు అడుగులా కావా అన్నది నిర్ణయించవలసిన బాధ్యత నియమం చేసినవారిది. ఆ బాధ్యత నేను సరిగా నిర్వహించలేదు. బహుమతి పొందిన విద్యార్థి మీద నాకు కోపం లేదు. మేము చేసిన నియమాన్ని అతడు మాకంటె ముందు అర్థం చేసుకొన్నాడు. నడిచిన విద్యార్థినికి మాత్రం ఈ పత్రిక ముఖంగా నా పొరపాటు ఒప్పుకొంటున్నాను.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు. రాబోయే క్రీడాదినోత్సవంలో ఈ పోటీ పెట్టదలిస్తే, అందరికీ ఒకే విధమైన నడుముపట్టీ ఇవ్వాలి. గుడ్డపట్టీకి అయ్యే ఖర్చు స్వల్పం. విద్యార్థినులు తమలో తాము వేరుగా కట్టుకొనే ఏర్పాటు ఉండాలి. రెండవది, భౌతికశాస్త్ర, కంప్యూటరు శాఖల విద్యార్థులు, ఇష్టపడి ఒప్పుకొన్న పెద్దల అనుమతితో, ఆటోనగర్ షెడ్లలోను, పొలాలలోను మన కదలికలను సేకరించడానికి ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేయాలి. పేర్లు రాయనక్కరలేదు, కదలికలు రాస్తే చాలు.

యంత్రం చెప్పిన అంకెకు తలవంచడం విద్య కాదు. ఆ అంకె ఎట్లా వచ్చినదని అడగడమే విద్య. కమానుపట్టీల షెడ్డులో పెరిగిన ఒక బాలుడు ఆ ప్రశ్న అడిగాడు. అటువంటి ప్రశ్నలు మన తరగతి గదులలో, తెలుగులోనూ ఉర్దూలోనూ, నిత్యం వినబడాలని నా ఆకాంక్ష.